ఎవరికి ఏ ఘాటు

రాజగోపాల్‌కు యాభై నాలుగో ఏట పొగ తాగడం నేర్చుకోవలసిన అవసరం వచ్చింది. మామూలుగా ఆ వయసుకి మగవాళ్లు దాన్ని మానడానికి తంటాలు పడుతుంటారు. ఆయన అంతవరకు బీడీ ముట్టలేదు, సిగరెట్టు ముట్టలేదు. పక్కన ఎవరైనా వెలిగిస్తే లేచి వెళ్లి కిటికీ తెరిచే మనిషి. కేంద్ర ప్రభుత్వంలో అండర్ సెక్రటరీ ఉద్యోగం, ఢిల్లీ ద్వారకలో మూడు గదుల ఫ్లాటు, భార్య సుభద్ర, ఒక్కగానొక్క కూతురు ఇషిత. అంతే ఆయన లోకం.

ఆ అవసరం తెచ్చిపెట్టింది ఇషితే. గుర్‌గావ్ ఆఫీసులో తనతో పనిచేసే యశ్‌వీర్‌ని పెళ్లి చేసుకుంటానని రెండేళ్ల కిందట చెప్పింది. ఆ అబ్బాయిది ఫరీదాబాద్ దాటి, బల్లభ్‌గఢ్ కూడా దాటాక వచ్చే ఒక జాట్ల ఊరు. రాజగోపాల్ ఏడాది పాటు కాదన్నాడు. ఆరు నెలలు మాట్లాడకుండా ఉన్నాడు. తర్వాత సరేనన్నాడు. ఈయన సరే అనేసరికి అవతల మొదలైంది. మద్రాసీల పిల్ల అనగానే అబ్బాయి తాత హర్‌ఫూల్ సింగ్ మంచం మీద అటు తిరిగి పడుకున్నాడట. రెండు రోజులు ఇటు తిరగలేదట.

పిల్లలిద్దరూ మాత్రం ఒక్క మాట మీద ఉన్నారు. రెండిళ్లవాళ్లూ మనసారా ఒప్పుకుంటేనే పెళ్లి, లేకపోతే లేదు. పారిపోయే పని మాత్రం చేయబోమన్నారు. ఆ మాట విన్నాక సుభద్రకు దిగులు తగ్గడానికి బదులు పెరిగింది. మొండికేసి వెళ్లిపోయే పిల్లకు ఎప్పటికో ఒకప్పటికి దారి దొరుకుతుంది. ఒప్పుదల కోసం కూర్చునే పిల్ల అలా కూర్చునే ఉంటుంది.

చివరికి ఫిబ్రవరిలో కబురు వచ్చింది. పిల్ల తల్లిదండ్రులు ఒక ఆదివారం ఊరికి వస్తే చూస్తామన్నారు. ఆ కబురు చెప్పడానికి యశ్‌వీర్ ద్వారకకు వచ్చి, టీ కప్పు చేతిలో పట్టుకుని, అసలు విషయం మెల్లగా చెప్పాడు. వాళ్ల ఊళ్లో పెద్దమనుషులంతా బైఠక్ అనే ముందుగదిలో ఒకే హుక్కా చుట్టూ కూర్చుంటారు. దాని గొట్టం ఒకరి తర్వాత ఒకరి వైపు తిరుగుతుంది. మనవాడు అనుకున్నవాడి వైపే తిరుగుతుంది. పైమనిషికి టీ ఇస్తారు, లస్సీ ఇస్తారు, కడుపునిండా పూరీలు పెడతారు. గొట్టం మాత్రం తిప్పరు. ఎవరినైనా ఊరు వెలివేస్తే మొదట ఆపేది హుక్కాయే, ఆ తర్వాతే మంచినీళ్లు.

"గొట్టం మీ వైపు తిరిగితే సంబంధం కుదిరినట్టే అంకుల్. తిరగకపోతే టీ తాగి వచ్చేయండి. ఎవరూ ఒక్క మాట అనరు. కానీ మళ్లీ పిలవరు."

రాజగోపాల్‌కు అసలు చిక్కు అప్పుడు తట్టింది.

"తిరిగితే నేను పీల్చాలా?"

"పీల్చాలి. వద్దంటే మీరే కాదన్నట్టు."

"నాన్నా, ఒక్క పఫ్. ఉద్యోగంలో ఇంతకంటే చెత్త పనులు చేసుంటారు," అంది ఇషిత.

వెళ్లేవాళ్లు కాస్త పొగాకు తీసుకెళ్లడం కూడా మర్యాదేనని యశ్‌వీర్ చెప్పాడు. లేస్తూ లేస్తూ, లోపల నాయనమ్మకు కూడా తనదంటూ ఒక చిన్న హుక్కా ఉందని నవ్వుతూ చెప్పాడు. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు, సుభద్ర తప్ప.

పొగాకు సంగతి ఎవరిని అడగాలో తెలియక రాజగోపాల్ ఒక తెలుగువాళ్ల పూజలో సదాశివరావు అనే స్నేహితుడి చెవిన వేశాడు. ఆయన గాజియాబాద్‌లో లక్ష్మీపతి అనే ఆయన కొట్టు పేరు చెప్పాడు. లక్ష్మీపతిది చీరాల. ముప్పై ఏళ్లు ఆకు కొనే ఉద్యోగం చేసి, కూతురి దగ్గరకని వచ్చి, ఊరికే కూర్చోలేక కొట్టు పెట్టుకున్నాడు. ముందు గదిలో షీషా, అంటే వాసనలు కలిపిన హుక్కా పొగాకు డబ్బాలు అద్దాల అరల్లో వరుసగా ఉన్నాయి, వెనక గదిలో గోనె బస్తాలు. పద్దెనిమిదేళ్లు నిండనివారికి అమ్మబడదు అని తలుపు మీద హిందీలో రాసిన బోర్డు. రాజగోపాల్ ఆ బోర్డుని రెండుసార్లు చదివి, తనకు వర్తించదని తేల్చుకున్నాక లోపలికి అడుగుపెట్టాడు.

లక్ష్మీపతి డబ్బాలేవీ తీయలేదు. స్టూలు చూపించి కూర్చోమని, ఆవకాయ తింటారా అని అడిగాడు.

"తింటాను."

"కొత్తావకాయా, ఊరిందా?"

"కాస్త ఊరాక. పెరుగన్నంలోకి."

"టీలో చక్కెర?"

"రెండు చెంచాలు."

"కిళ్లీ?"

"పెళ్లిళ్లలో ఎప్పుడైనా. స్వీటుది."

లక్ష్మీపతి లేచి పై అరకు తాళం వేశాడు. తాళం వేస్తూనే చెప్పుకుపోయాడు. వచ్చిన ప్రతివాడినీ తను ఈ మూడు ప్రశ్నలే అడుగుతాడట. కొత్తావకాయ కలిపిన రోజే వేడన్నంలో తినే మనిషి నోరు ఒక రకం, పెరుగన్నంలోకి నంజుకునే మనిషి నోరు ఇంకో రకం. కింది అరలోది లేతరంగు ఆకు, కడిగి, ఘాటు దించి, పాకంలో నానబెట్టింది. మొదటిసారి తాగేవాడికి అదే. అందులోనూ ఒక్క వాసన ఉన్నదే తీసుకోవాలి, ద్రాక్షో పుదీనాయో. రెండుమూడు కలిపింది తీసుకుంటే నోటికి ఏదీ తెలియదు, తలనొప్పి మాత్రం మిగులుతుంది. మధ్య అరలో సోంపు వాసన వేసే యాపిల్ రకాలు, కిళ్లీ రకాలు. ఏడాది, రెండేళ్లు అలవాటున్నవాళ్లు వాటికి వస్తారు. పై అరలోది కడగని నల్లాకు.

"ఆ పై అరది మొదటిసారే కావాలని ఒక కుర్రాడు పట్టుబట్టాడు సార్. ఇదిగో, ఈ గోడకి ఆనుకుని కూలబడ్డాడు. అరగంట లేవలేదు. వాళ్లావిడకి ఫోన్ చేసి పిలిపించాం. అప్పట్నుంచీ తాళం."

ఆ పైన తాగే తీరు చెప్పాడు. లేతాకుని చిలంలో, అంటే హుక్కా మీది గిన్నెలో, అదిమి కూరకూడదు, పొడిపొడిగా చల్లాలి. నల్లాకైతే అదిమి పెట్టాలి. కొత్తవాడికి రెండు బొగ్గులు చాలు, మూడోది పెడితే మాడుతుంది. పరగడుపున ముట్టకూడదు. వేడి కాఫీ చప్పరించినట్టు కొద్దికొద్దిగా లాగి, నోట్లోనే ఉంచుకుని వదిలేయాలి. రాజగోపాల్ జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఇవన్నీ రాసుకున్నాడు.

"ఒక్క సంగతి మాత్రం మర్చిపోకండి. ఏది తాగినా పొగే. ఘాటు తక్కువంటే చెడు కాస్త తక్కువ, అంతే. నాకు స్టెంటు వేసి నాలుగేళ్లయింది. ఇప్పుడు వాసన చూసి అమ్ముతున్నాను, తాగి కాదు," అని లక్ష్మీపతి ఆగి, ఎవరితో కూర్చుని తాగబోతున్నారని అడిగాడు. విషయం విన్నాక ముఖం మార్చాడు. ఆ ముసలాళ్లు తాగేది ఈ డబ్బాలు కాదనీ, నాటు ఆకు బెల్లంతో కలిపి దంచినదనీ, ఎనభై ఏళ్లాయన చేతిలో యాలకుల డబ్బా పెడితే పాలపీక ఇచ్చినట్టుంటుందనీ చెప్పాడు. మీకు కావలసింది వేరు, వాళ్లకు ఇవ్వవలసింది వేరు అన్నాడు.

రాజగోపాల్‌కు ఆ మాట నచ్చలేదు. ఆయన ఆఫీసు బుద్ధి ఇంకోలా పనిచేసింది. ఖరీదైన డబ్బా కానుకగా ఇస్తే మర్యాదకైనా వాళ్లు ఆ రోజు అదే నింపుతారు, అప్పుడు తనూ దగ్గకుండా తాగొచ్చు. ఒకే దెబ్బకు రెండు పిట్టలు. బంగారు రంగు మూతతో ఉన్న యాలకులు, పుదీనా కలిపిన డబ్బాలు రెండు కట్టమన్నాడు. ఒకటి సాధన చేయడానికి, ఒకటి ఇవ్వడానికి. తాగేవాడికి నచ్చింది కావాలి గానీ కొనేవాడికి నచ్చింది కాదని లక్ష్మీపతి మరోసారి చెప్పి చూశాడు. కొనేవాడు వినకపోతే అమ్మేవాడు ఎంతని చెబుతాడు, కట్టి ఇచ్చాడు.

ఈ లోపల, ఆయనతో పాటు వచ్చిన సుభద్ర వెనక గదిలోకి వెళ్లింది. గోనె బస్తా మూతి విప్పి ఉంది. అందులో ఆకు ఉంది. ఆ వాసన తగలగానే ఆమె చెయ్యి దానంతట అదే లోపలికి పోయింది. ఒక ఆకు తీసి, వెలుతురుకి ఎత్తి పట్టి, మడిచి, నడిమి ఈనె విరిచి చూసింది. విరిగిన చప్పుడు విని దాన్ని పక్కన పడేసింది. ఇంకోటి తీసింది.

ఆమె పుట్టిల్లు ప్రకాశం జిల్లాలో కొండపి దగ్గర. వాళ్లకు పచ్చాకుని వేడికి ఆరబెట్టే పొగాకు బ్యారన్లు రెండు ఉండేవి. ఎనిమిదో ఏట నుంచి బడి లేని రోజుల్లో ఆమె కూలీల పక్కన గోనె మీద కూర్చుని ఆకు ఏరేది. అడుగాకు ఒక కుప్ప, నడిమాకు ఒక కుప్ప, కొసాకు ఒక కుప్ప. మొక్క కింది ఆకు మెత్తన, పైకి పోయేకొద్దీ ఘాటు. అది ఆమెకు ఎక్కాలకంటే ముందే తెలుసు. పెళ్లిచూపుల నాడు రాజగోపాల్ తల్లి, పిల్ల కూలీలతో కూర్చుని ఆకు ఏరేదన్న మాట మావాళ్లలో అనకండి అని నెమ్మదిగా చెప్పింది. ఆ తర్వాత ఢిల్లీలో సుభద్ర ఎవరికీ చెప్పలేదు. అడిగితే, మా నాన్నగారిది వ్యవసాయం అనేది. ఇరవై ఏడేళ్లు అనగా అనగా అది అలవాటైపోయింది.

లక్ష్మీపతి వెనక నుంచి చూస్తూ నిలబడ్డాడు.

"ఏ ఊరమ్మా మీది?"

చెప్పింది.

"అదీ సంగతి. ఈనె విరిచి చెవి దగ్గర పెట్టుకున్నావే, అప్పుడే అనుకున్నా. మనవైపు ఆడపడుచువి. కావలసింది ఏరుకో తల్లీ."

ఆమె పదిహేను కొసాకులు, పది అడుగాకులు ఏరింది. ఆయన పాత దినపత్రికలో రెంటినీ విడివిడిగా చుట్టి ఇచ్చాడు. కారెక్కాక రాజగోపాల్ ఆ పొట్లాలు దేనికన్నాడు. వాళ్లింట్లో ఆడవాళ్ల దగ్గరికి ఉత్త చేతులతో ఎలా వెళ్తామంది. ఆడవాళ్లకు పొగాకేమిటన్నాడు. ఆమె పొట్లాలను సంచీలో సర్దుకుంది. ఆయన జవాబు కోసం ఆగలేదు.

ఆ వారం రోజులూ ద్వారక ఫ్లాటు బాల్కనీలో సాధన నడిచింది. లక్ష్మీపతి ఒక పాత గాజు హుక్కా అరువిచ్చాడు. మొదటి రోజు రాజగోపాల్ గట్టిగా లాగి, కళ్లు తేలేసి, కింది అంతస్తువాళ్లు పైకి చూసేదాకా దగ్గాడు. రెండో రోజు పుస్తకం తెరిచి పెట్టుకుని, రాసుకున్నట్టే చేశాడు, అయినా దగ్గాడు. మూడో రోజు ఆఫీసు నుంచి వచ్చీ రాగానే ఖాళీ కడుపుతో కూర్చున్నాడు. తల తిరిగి నేల మీద చతికిలబడ్డాడు. సుభద్ర బెల్లం ముక్క నోట్లో పెట్టి, చీపురు పక్కకు జరిపి, ఆయన్ని అక్కడే పడుకోనిచ్చింది. చలికాలం పొగమంచు ఇంకా వదలని రోజులవి.

"అమ్మా, ద్వారక ఏక్యూఐ నాన్న వల్లే పెరిగింది. గవర్నమెంటుకి కంప్లైంట్ చేద్దామంటే గవర్నమెంటే నాన్న," అంది ఇషిత.

శుక్రవారం నాటికి ఆయన నోటినిండా పొగ పట్టి, పది లెక్కపెట్టి, దగ్గకుండా వదలగలిగాడు. శనివారం అద్దం ముందు చేసి చూసుకున్నాడు. ఏ పరీక్షలోనూ అంత శ్రద్ధగా కూర్చోలేదని తనే ఒప్పుకున్నాడు. ఇషిత నవ్వడం మానేసింది. ఆ సాయంత్రం వంటింట్లోకి వచ్చి, తల్లి పక్కన నిలబడి, రేపు వాళ్లు వద్దంటే యశ్‌వీర్‌తో మాట్లాడటం కూడా మానేస్తానని, నాన్నకు మాత్రం చెప్పొద్దని అంది. సుభద్ర సరేనంది.

ఆదివారం పదకొండు గంటలకు ఊరు చేరారు. ఆనవాయితీ ప్రకారం పిల్ల రాకూడదు, ఇషిత ఇంట్లోనే ఉండిపోయింది. రోడ్డుకు రెండు వైపులా ఆవచేలు పచ్చగా ఉన్నాయి. బైఠక్‌లో హర్‌ఫూల్ సింగ్, ఇంకో నలుగురు పెద్దలు మంచాల మీద కూర్చుని ఉన్నారు. రాజగోపాల్‌కు ఎదురొచ్చి కూర్చోబెట్టారు, టీ ఇచ్చారు. సుభద్రను లోపలి వాకిట్లోకి తీసుకెళ్లారు. అక్కడ మంచం మీద కూర్చుంటే తెరిచిన తలుపులోంచి బైఠక్ సగం కనిపిస్తుంది. రాజగోపాల్ కూర్చున్నది ఆ సగంలోనే.

ఆయన బంగారు మూత డబ్బా రెండు చేతులతో అందించాడు. హర్‌ఫూల్ సింగ్ మూత తీసి వాసన చూసి పక్కాయనకిచ్చాడు. పక్కాయన చూసి మూడో ఆయనకిచ్చాడు. మూడో ఆయన తుమ్మి, దీన్ని చిలంలో వేయాలా హల్వాలో వేయాలా అని అడిగాడు. ఎవరూ పైకి నవ్వలేదు. హర్‌ఫూల్ సింగ్ మూత పెట్టి, డబ్బాని గోడ గూట్లో దగ్గుమందు సీసాల పక్కన ఉంచి, పట్నంలో కుర్రాళ్లకు ఇలాంటివి ఇష్టమని విన్నానన్నాడు. చాలా మర్యాదగా అన్నాడు. వేడినీళ్లలా కాల్చే మర్యాద అది.

తర్వాత వాళ్ల హుక్కా వచ్చింది. కింది కుండలో నీళ్లు అప్పుడే మార్చారు, పైన చిలంలో పిడకల నిప్పు కణకణమంటోంది. హర్‌ఫూల్ సింగ్ రెండు దమ్ములు లాగి గొట్టం తిప్పాడు. ఒకాయన, ఇంకొకాయన. రాజగోపాల్‌కు ఎడమ పక్కనున్న ఆయన లాగడం పూర్తి చేశాడు. రాజగోపాల్ నేర్చుకున్నట్టే కాస్త ముందుకు వంగి, పెదవులు సిద్ధం చేసుకున్నాడు. గొట్టం ఆయన ముఖం ముందు నుంచి వెళ్లి, కుడి పక్కాయన వైపు తిరిగింది.

ఆయన ఒక క్షణం అలాగే వంగి ఉండి, నెమ్మదిగా వెనక్కి జరిగి, చల్లారిపోయిన టీ కప్పు అందుకున్నాడు. గుమ్మంలో నిలబడ్డ యశ్‌వీర్ నేల వైపు చూశాడు. గొట్టం రెండో చుట్టు తిరిగింది. రెండో చుట్టులోనూ అంతే.

సుభద్ర ఇదంతా చూసింది. మొగుడి ముఖంలో మొదట ఒక తెరిపి కనిపించింది, దగ్గే పని తప్పిందన్నట్టు. తర్వాత చెవులు ఎర్రబడ్డాయి. నోటు కూడా రాయకుండా ఫైలు తిప్పి పంపేస్తే ఆయన అలాగే అవుతాడు.

వాకిట్లో పొయ్యి పక్కన పొట్టి పీట మీద నాయనమ్మ కూర్చుని ఉంది. అందరూ దాదీ అనే పిలుస్తారు. ఎనభైకి దగ్గర పడిన మనిషి, ముఖం మీద కొంగు కళ్లదాకా ఉంది. పక్కన మోకాలెత్తు హుక్కా, ఆరిపోయి ఉంది. వచ్చినప్పటినుంచీ ఆమె సుభద్రతో రెండే మాటలు అంది. కూర్చో అంది, లస్సీ తాగు అంది. కోడళ్లు రొట్టెలు కాలుస్తున్నారు. ఇంకో గంటలో ఆ రొట్టెలు తిని, దండం పెట్టి, కారెక్కాలి. ఇంటికి వెళ్లాక తలుపు తీసేది ఇషిత.

సుభద్ర సంచీలోంచి దినపత్రిక పొట్లాలు తీసి దాదీ ముందు పెట్టింది.

దాదీ వాసన చూడలేదు. ఒక కొసాకు తీసి మడిచింది, ఈనె విరిచింది, వేళ్ల మధ్య నలిపింది. అప్పుడు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఎవరు ఏరారు?"

"నేనే."

"అఫ్సర్ పెళ్లానికి ఆకు గురించి ఏం తెలుసు?"

ఇరవై ఏడేళ్లుగా ఎవరికీ చెప్పనిది సుభద్ర అక్కడ చెప్పింది. ఆమె హిందీ తడబడకుండానే సాగింది. బ్యారన్ల సంగతి చెప్పింది, కర్రలకు ఆకు అల్లడం చెప్పింది, రాత్రుళ్లు తండ్రి మంట చూస్తూ మేలుకోవడం చెప్పింది. గోనె మీద కూలీలతో పాటు కూర్చుని ఏరేదాన్ననీ, ఆకు కాలం అయ్యేదాకా అన్నం ముద్ద కూడా చేదుగా ఉండేదనీ చెప్పింది. రొట్టెలు కాల్చే కోడళ్లు చేతులు ఆపి విన్నారు.

"ఆ చేదు దేనితో పోగొట్టుకునేవాళ్లు?" అని దాదీ అడిగింది.

"చింతపండుతో రుద్దితే రెండు రోజులకి పోయేది. గోళ్లలోది పోయేది కాదు."

దాదీ తన గోళ్లు చూసుకుంది. తర్వాత హుక్కా మీది మట్టి చిలం తీసి సుభద్ర చేతిలో పెట్టింది. నింపమంది. పెద్ద కోడలు తలెత్తి చూసింది. ఆ ఇంట్లో దాదీ చిలం దాదీ తప్ప ఎవరూ నింపరు.

సుభద్ర చిలం చేతిలో తిప్పి చూసింది. ఎవరు తాగుతారు అన్నది ముందు చూసుకోవాలి. దాదీ అరవై ఏళ్లుగా తాగుతున్న మనిషి, మెత్తటిది ఇస్తే ఉమ్మేస్తుంది. కానీ తను చూసుకోవలసింది దాదీ ఒక్కతినే కాదు. తలుపు అవతల వారం రోజులు కష్టపడ్డ మనిషి ఒకడు చల్లటి టీ తాగుతున్నాడు. నిప్పు పైన ఉంటుంది, పైది ముందు కాలుతుంది, కిందికి తర్వాత దిగుతుంది. అడుగున రంధ్రం మీద గులకరాయి పెట్టింది. పాత బెల్లం అడిగి తీసుకుంది. అడుగాకుల ఈనెలు తీసేసి, బెల్లంతో నలిపి, కింద సగానికి పొడిపొడిగా పరిచింది. కొసాకు వేరే నలిపి, పైన బొటనవేలితో అదిమింది. దాని మీద పిడకల నిప్పు పెట్టింది.

దాదీ ఒక దమ్ము లాగి కళ్లు మూసుకుంది. పది పన్నెండు దమ్ములు అలాగే లాగింది. రొట్టెలు కాలాయి, గిన్నెలో సర్దారు. సుభద్ర లస్సీ గ్లాసు కింద పెట్టి కూర్చుంది. తర్వాత దాదీ ఇంకో దమ్ము లాగి, నోట్లోనే ఆపి, కళ్లు తెరిచింది.

"కింద మెత్తటిది పెట్టావు."

"అవును."

"ఎవరికి?"

"మొదటిసారి తాగేవాళ్లకి."

దాదీ కొంగు కళ్ల మీంచి పైకి జరుపుకుంది. ఆ తర్వాత గొట్టం సుభద్ర వైపు తిప్పింది.

ద్వారక ఇంట్లో ఎవరూ ఇది అనుకోలేదు. పుస్తకంలో రాసుకున్నది మొగుడు, అద్దం ముందు చేసి చూసుకున్నది మొగుడు. ఎన్ని వేల ఆకులు చేతులతో నలిపినా ఆమె ఒక్కసారీ పొగ నోట్లోకి తీసుకోలేదు. గొట్టం చివర తడిగా ఉంది. వంగి, వేడి కాఫీ చప్పరించినట్టు లాగింది. బెల్లం కాలిన రుచి తగిలింది, వెనకే చేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, దగ్గు రాలేదు. నెమ్మదిగా వదిలి, గొట్టాన్ని రెండు చేతులతో దాదీ వైపు తిప్పింది.

దాదీ యశ్‌వీర్‌ని పిలిచింది.

"ఇది బైఠక్‌లోకి తీసుకెళ్లు. నేను తాగానని మీ తాతకు చెప్పు. సమ్ధన్ తాగిందని చెప్పు. ఇప్పుడు పిల్ల తండ్రి వైపు తిప్పమను."

సమ్ధన్ అంటే వియ్యపురాలు. యశ్‌వీర్ వెంటనే కదల్లేదు, ఆ మాట సరిగ్గానే విన్నానా అన్నట్టు నిలబడ్డాడు. తర్వాత హుక్కాని చంటిపిల్లను ఎత్తినట్టు ఎత్తుకుని వెళ్లాడు.

తలుపులోంచి చూస్తే బైఠక్‌లో అందరూ మాటలాపారు. యశ్‌వీర్ చెప్పవలసింది చెప్పి పక్కకు జరిగాడు. హర్‌ఫూల్ సింగ్ ఆ చిన్న హుక్కా వైపు చూశాడు, గడ్డం గోక్కున్నాడు, ఒకసారి లోపలి వాకిలి వైపు చూశాడు. దాదీ అటు చూడలేదు, రొట్టెల మీద నెయ్యి రాయమని కోడలికి చెబుతోంది. ఆయన వంగి ఒక దమ్ము లాగాడు. గొట్టం రాజగోపాల్ వైపు తిప్పాడు.

రాజగోపాల్ మొదటి దమ్ము పుస్తకంలో రాసుకున్నట్టే లాగాడు. నోట్లో ఉంచి, పది లెక్కపెట్టి, దగ్గకుండా వదిలాడు. పెద్దలు తలలూపారు. అక్కడితో ఆగితే బాగుండేది. ఆయనకు ధైర్యం ఎక్కువై రెండో దమ్ము మింగేశాడు. దగ్గుతో మంచం ఊగింది. హల్వా మాట అన్న ముసలాయన వచ్చి వీపు మీద చరిచాడు, ఇంకో ఆయన నీళ్లిచ్చాడు. ఈసారి అందరూ పైకే నవ్వారు. హర్‌ఫూల్ సింగ్ నవ్వకుండా, సామాన్లు సర్దినట్టు తన దిండు తీసి రాజగోపాల్ వీపు వెనక పెట్టాడు.

లోపల కోడళ్లు పళ్లాలు పరుస్తున్నారు. సుభద్ర నాలుక మీద చేదు ఇంకా ఉంది. వచ్చినప్పటినుంచీ ఆ ఇంట్లో పంటల గురించి అడిగారు, ఢిల్లీ చలి గురించి అడిగారు, ఉద్యోగం గురించి అడిగారు. పిల్ల గురించి ఒక్కరూ ఒక్క మాట అడగలేదు. ఇప్పుడు దాదీ పీటని కాస్త దగ్గరికి జరుపుకుంది.

"పిల్ల పొద్దున్నే లేచి ఏం తింటుంది?"

సుభద్ర అబద్ధం చెప్పలేదు. ఏమీ తినదనీ, పది గంటలదాకా కాఫీ మీదే ఉంటుందనీ చెప్పింది.

దాదీ సుభద్ర పళ్లెంలో ఒక రొట్టె వేసింది. ఇక్కడ అలా కుదరదని పిల్లకు చెప్పమంది.